వెనుకనుంచి వచ్చిన వెలుగు

పాటను రికార్డు దాస్తుంది. పాడినవారి రూపాన్ని ఫోటో దాస్తుంది. రికార్డుల చరిత్ర రాసినవారు చాలామంది ఉన్నారు. ఫోటోలు తీసినవారిని తలుచుకునేది తక్కువ. అమెరికాలో నల్లజాతివారు పెంచిన జాజ్ సంగీతం పేరు చెప్పగానే చీకటి, పొగ, మెరిసే సాక్సోఫోన్ కళ్ళముందు కదులుతాయి. ఆ రూపాన్ని లోకానికి అలవాటు చేసినవారిలో హెర్మన్ లెనార్డ్ ముఖ్యుడు.

ఆయన 1923లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో పుట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక వైద్యదళంతో బర్మాలో పనిచేశారు. 1947లో ఒహాయో విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ పట్టా పుచ్చుకుని, కెనడాలోని ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ దగ్గర శిష్యరికం చేశారు. చర్చిల్ ఫోటోతో ప్రసిద్ధికెక్కిన కార్ష్ దగ్గర ఆయన దీపాన్ని ఎక్కడ పెడితే మనిషి స్వభావం బయటపడుతుందో నేర్చుకున్నారు.

1948లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో చిన్న స్టూడియో తెరిచారు. జాజ్ అంటే ప్రాణం. రోజూ టికెట్ కొనే స్తోమత లేదు. అందుకని క్లబ్బుల యజమానులతో ఒక ఒప్పందానికి వచ్చారు. తనను లోపలికి రానిస్తే వారి ప్రచారానికి ఫోటోలు ఇస్తారు. సంగీతం వినాలన్న ఆశే ఆయనను చరిత్రకారుణ్ణి చేసింది.

ఆయన పద్ధతి చూడటానికి తేలిక. ఫోటోగ్రాఫర్లు సాధారణంగా కెమెరా పక్కనుంచే ఫ్లాష్ వెలిగించేవారు. అప్పుడు ముఖం తెల్లబోయి, వెనుక గోడ కనిపించి, క్లబ్బు వాతావరణమంతా చచ్చిపోయేది. లెనార్డ్ రెండు ఫ్లాష్ దీపాలను క్లబ్బు దీపాల పక్కనే అమర్చేవారు. అందులో ఒకటి విద్వాంసుడి వెనుక ఉండేది. ఆ వెలుగు భుజాల అంచునూ వాద్యపు వంపునూ గీసి, మిగతాదంతా చీకటికి వదిలేసేది. పెద్ద కెమెరాలో ఒక్కొక్క ఫిల్ము షీటే పెట్టాలి. తోచినట్టు నొక్కడానికి వీల్లేదు; పాట ఎటు పోతోందో వింటూ కాచుకోవాలి.

1948లో రాయల్ రూస్ట్ క్లబ్బులో తీసిన డెక్స్టర్ గార్డన్ ఫోటో ఇందుకు నిదర్శనం. సాక్సోఫోన్ ఒళ్ళో ఉంది. ఆయన వాయించడం లేదు. సిగరెట్ పొగ మాత్రం వెనుక దీపపు వెలుగులో తెల్లగా సుళ్ళు తిరుగుతోంది. ఆగిన పాట ఇంకా గదిలోనే ఉన్నట్టనిపిస్తుంది. లెస్టర్ యంగ్‌ను చూపిన ఒక ఫోటోలోనైతే మనిషే లేడు. టోపీ, వాద్యం పెట్టె, సీసా మీద కాలుతున్న సిగరెట్ ఉన్నాయి. మనిషి ఉనికికి ముఖమే అక్కర్లేదని ఆ ఫోటో చెబుతుంది.

1956 తరువాత లెనార్డ్ పారిస్‌లో స్థిరపడి, ఫ్యాషన్, ప్రకటనల ఫోటోలతో బతికారు. జాజ్ నెగటివ్‌లు ఏళ్ళ తరబడి మూలపడ్డాయి. 1988లో లండన్‌లో జరిగిన ప్రదర్శనతో వాటికి మళ్ళీ వెలుగు వచ్చింది. ఆ తరువాత ఆయన న్యూ ఆర్లియన్స్ చేరారు. 2005లో కత్రినా తుపానుకు ఆయన ఇల్లు మునిగి, చేత్తో తీసిన వేలాది ప్రింట్లు నాశనమయ్యాయి. నెగటివ్‌లను మాత్రం ముందుగానే ఆగ్డెన్ మ్యూజియానికి తరలించడంతో అవి దక్కాయి. ఎనభై దాటిన వయసులో ఆయన మళ్ళీ పనికి కూర్చున్నారు. 2010లో లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు.

ఈ కథ మనకెందుకంటారా? బెంగుళూరులో పుట్టి, విజయనగరంలో పాఠం చెప్పి, మద్రాసులో 1964లో కన్నుమూసిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మనలో చాలామంది గుర్తుపట్టేది నల్లకళ్ళద్దాలతో ఉన్న ఫోటోల వల్లనే. ఫోటో కింద తీసినవారి పేరు వేసే అలవాటు మనకు తక్కువ. బరంపురంలోనో, షోలాపురంలోనో, హోసూరులోనో మన ఇళ్ళ పెట్టెల్లో హరికథ దాసులు, నాదస్వర విద్వాంసులు, భజన బృందాల ఫోటోలు ఉండకపోవు. ఊరు మారినవాళ్ళకు పెద్దల పాట చెవికి అందకపోయినా, రూపమైనా కంటికి మిగలాలి. వెనుక పేరు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాసి, నెగటివ్ ఉంటే తడి తగలనిచోట దాచండి. వరద వచ్చేదాకా ఆగకండి.