మసాదా మీద తరగతి

1942 జనవరి. యూదయ ఎడారి. మృత సముద్రం పక్కన నిట్టనిలువుగా లేచిన మసాదా కొండ మొదట్లో 46 మంది యువతీయువకులు నిలబడి ఉన్నారు. అందరూ యూదు యువజన సంఘాల్లో పిల్లల్ని నడిపించే నాయకులే. వాళ్ళను అక్కడికి తీసుకొచ్చినవాడు ష్మర్యా గుట్‌మాన్. 1933లోనే ఆ కొండ ఎక్కి వచ్చిన మనిషి.

అప్పటికి కేబుల్ కారు లేదు, అది 1971లో వచ్చింది. సరైన బాట కూడా లేదు. నీళ్ళూ తిండీ వెంట తెచ్చుకోవలసిందే. కాళ్ళ కింద రాళ్ళు జారుతున్నాయి. మనసుల్లో మరో భయం. లిబియాలో జర్మన్ సేనాని రోమెల్ సేనలు మళ్ళీ ముందుకు కదిలాయి. జర్మన్లు ఈజిప్టు దాటి పాలస్తీనాకు వస్తే మన గతేమిటి?

కొండ మీద శిథిలాల నడుమ గుట్‌మాన్ పాఠం మొదలైంది. హేరోదు రాజు కట్టిన ఈ కోటను క్రీ.శ. 73 ప్రాంతంలో రోమన్లు ముట్టడించారు. బానిసలుగా బతకడం కన్నా చావే మేలని కోటలోని యూదు తిరుగుబాటుదారుల నాయకుడు ఎలియాజరు తనవాళ్ళను ఒప్పించాడనీ, 960 మంది చనిపోయారనీ, ఇద్దరు స్త్రీలూ అయిదుగురు పిల్లలూ మాత్రమే మిగిలారనీ ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. తల వంచి చూస్తే కింద రోమన్ శిబిరాల రాతిగోడలు. పడమటి వైపు కోట గోడ చేరడానికి రోమన్లు పోసిన ఏటవాలు దిబ్బ. పుస్తకంలో చదివినదంతా అక్కడ కంటికి కనిపిస్తోంది.

ఆ తరవాత యువజన సంఘాలకు మసాదా యాత్ర ఆనవాయితీ అయింది. ఇప్పుడు వేసవి సెలవుల్లో అమెరికా నుంచి వచ్చే యూదు టీనేజర్లు కూడా మలుపులు తిరిగే 'పాముబాట' పట్టి కొండెక్కుతారు. ఎండ ముదిరితే బాట మూసేస్తారు కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి. నీళ్ళు పొదుపుగా తాగాలి. వెనకబడ్డవాళ్ళ కోసం ఆగాలి. బడిలో బెంచీ మీద కూర్చుంటే రాని ఓర్పు ఆ మలుపుల్లో అలవడుతుంది.

పైకి చేరాక అసలు పరీక్ష. ఆ చావు ధైర్యమా, ఓటమా? జోసెఫస్ మాట ఎంతవరకు నమ్మాలి? పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. పిల్లలు వాదించుకుంటారు, ఎవరి జవాబు వాళ్ళు వెతుక్కుంటారు.

పదహారేళ్ళ వయసును నమ్మి ఇంత కష్టమైన ప్రశ్న చేతికిచ్చే ప్రయాణమే నిజమైన చదువు. పిల్లల్ని వేసవి యాత్రకు పంపే తల్లిదండ్రులు అక్కడ ఏం చూపిస్తారని అడిగి ఊరుకోకండి. ఏం ఆలోచింపజేస్తారో కూడా అడగండి.