ఆల్-ఇన్-వన్ రీఫ్ అక్వేరియం వడపోత

పగడపు జీవులను, వాటితో కలిసి జీవించే చేపలను, ఇతర సముద్ర జీవులను పెంచే ఉప్పునీటి అక్వేరియంను రీఫ్ అక్వేరియం అంటారు. తొట్టి, వడపోత గదులు, పంపు, దీపం అన్నీ ఒకే పెట్టెలో అమర్చిన చిన్న రీఫ్ అక్వేరియం ఆల్-ఇన్-వన్ అక్వేరియంగా ప్రసిద్ధి చెందింది. తయారీదారులు వీటితో పాటు ఇచ్చే వడపోత సామగ్రి కొద్దిపాటి జీవులకు సరిపోతుంది. చేపల సంఖ్య పెరిగినా, సున్నితమైన పగడాలను పెంచదలచినా ఆ సామగ్రిని మెరుగుపరచవలసి వస్తుంది. నీటి పరిమాణం తక్కువ కనుక ఈ మార్పులను తొందరపడి చేసినచో తొట్టిలోని జీవులు ఒకటి రెండు రోజులలోనే మరణించే ప్రమాదం ఉంది.

నిర్మాణం

పెద్ద రీఫ్ అక్వేరియంలలో వడపోత కొరకు తొట్టి క్రింద సంప్ అనే మరొక తొట్టి ఉంటుంది. ఆల్-ఇన్-వన్ అక్వేరియంలో దాని బదులు వెనుక గోడకు అడ్డంగా ఒక పలక అమర్చి, ఆ వెనుక భాగాన్ని సాధారణంగా మూడు గదులుగా విభజిస్తారు. తొట్టి పైభాగపు నీరు పలకలోని చీలికల గుండా మొదటి గదిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి స్పాంజి లేదా దూది మడ్డిని ఆపుతుంది. రెండవ గదిలో యాక్టివేటెడ్ కార్బన్, పింగాణీ ఉంగరాలు వంటివి ఉంటాయి. మూడవ గదిలోని రిటర్న్ పంపు నీటిని తిరిగి తొట్టిలోకి పంపుతుంది. నానో క్యూబ్, బయోక్యూబ్, రెడ్ సీ మ్యాక్స్ వంటి నమూనాలు 2000ల దశకంలో ఈ తరహా అక్వేరియంలకు ప్రాచుర్యం తెచ్చాయి.

చరిత్ర

ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు మాత్రమే ఉపయోగించి సముద్ర జీవులను పెంచే పద్ధతిని 1961లో ఒక వ్యాసం ద్వారా ప్రపంచానికి తెలిపాడు. 1970లలో జర్మనీలోని బెర్లిన్ నగరపు ఔత్సాహికులు సజీవ శిలలు, ప్రోటీన్ స్కిమ్మరు, బలమైన దీపాలు కలిపి వాడసాగారు. దీనికి బెర్లిన్ పద్ధతి అని పేరు వచ్చింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ శైవలాలతో నీటిని శుభ్రపరచే విధానాన్ని రూపొందించాడు. 1986లో జార్జ్ స్మిట్ ఒక అమెరికన్ పత్రికలో వ్రాసిన వ్యాసాలు "మినీ రీఫ్" అనే భావనను, బయోబాల్స్ నింపిన తడి-పొడి ఫిల్టర్లను ప్రచారంలోకి తెచ్చాయి. ఈ ఫిల్టర్లలో నైట్రేటు పేరుకుపోతున్నట్లు గమనించిన పిమ్మట చాలామంది తిరిగి సజీవ శిలల వైపు మొగ్గారు.

నత్రజని చక్రం

చేపల విసర్జనలు, మిగిలిపోయిన ఆహారం కుళ్ళినప్పుడు అమ్మోనియా వెలువడుతుంది. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రోస్పైరా వంటి బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా విషప్రభావం పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుండి 8.4 వరకు ఉండటం వలన, మంచినీటి తొట్టి కంటే ఇక్కడ అమ్మోనియా ఎక్కువ ప్రమాదకరం.

సజీవ శిల అనగా బాక్టీరియా, సూక్ష్మజీవులు నివాసమేర్పరచుకున్న గుల్ల రాయి. దాని ఉపరితలంపై అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. ఆక్సిజన్ చేరని లోపలి భాగాలలో వేరే బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మారుస్తాయి. అందువలన రీఫ్ అక్వేరియంలో ప్రధాన జీవ వడపోత సాధనం రాయే.

నీటి మార్పు, దాని పరిమితి

వారానికి 10 శాతం నీటిని మార్చటం సాధారణ అలవాటు. అయితే నైట్రేటు లీటరుకు 20 మి.గ్రా. ఉన్న తొట్టిలో 10 శాతం నీటిని మార్చితే అది 18కి మాత్రమే తగ్గుతుంది. వారంలో మరల 2 మి.గ్రా. చేరినచో పాత స్థాయికే వస్తుంది. అనగా ఎన్ని వారాలు మార్చినా నైట్రేటు 20 వద్దనే నిలిచిపోతుంది. మాలిన్యం కుళ్ళకముందే దానిని తొలగించటం వడపోతను మెరుగుపరచటంలోని ముఖ్యోద్దేశం.

మెరుగుపరచే పద్ధతులు

* యాంత్రిక వడపోత: తొట్టితో వచ్చే మందపాటి స్పాంజి బదులు పలుచని ఫిల్టరు దూదిని అమర్చి, రెండు మూడు రోజులకొకసారి మార్చుతారు. వారాల తరబడి ఉంచిన స్పాంజిలో మడ్డి కుళ్ళి నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి.

* ప్రోటీన్ స్కిమ్మరు: నీటిలోకి సన్నని గాలి బుడగలను పంపినప్పుడు సేంద్రియ పదార్థాలు బుడగల ఉపరితలానికి అంటుకొని నురుగుగా పైకి చేరతాయి. ఆ నురుగు ఒక గిన్నెలో పోగవుతుంది. స్కిమ్మరు సరిగా పనిచేయుటకు నీటిమట్టం నిలకడగా ఉండాలి. ఆవిరి వలన నీటిమట్టం తగ్గేది చివరి గదిలో కనుక, స్కిమ్మరును మొదటి లేదా రెండవ గదిలో ఉంచుతారు.

* రసాయన వడపోత: యాక్టివేటెడ్ కార్బన్ నీటి పసుపు రంగును, కొన్ని పగడాలు విడుదల చేసే విషపదార్థాలను తొలగిస్తుంది. దీనిని మూడు నాలుగు వారాలకొకసారి మార్చాలి. రేణువుల రూపంలోని ఫెర్రిక్ ఆక్సైడ్ ఫాస్ఫేటును పీల్చుకుంటుంది. ఫాస్ఫేటు అకస్మాత్తుగా తగ్గటం పగడాలకు హానికరం కనుక మొదట తయారీదారు సూచించిన పరిమాణంలో సగంతో ఆరంభించటం మంచిది.

* శైవల వడపోత: రెండవ గదిని ఖాళీచేసి, దీపం అమర్చి, కీటోమార్ఫా అనే పీచు వంటి శైవలాన్ని పెంచుతారు. ఇది నైట్రేటును, ఫాస్ఫేటును ఆహారంగా గ్రహిస్తుంది. పెరిగిన శైవలాన్ని కత్తిరించి పారవేసినప్పుడు ఆ పోషకాలు తొట్టి నుండి శాశ్వతంగా తొలగిపోతాయి. ఈ దీపాన్ని రాత్రివేళ వెలిగించటం వలన, రాత్రి పీహెచ్ పడిపోవటం కొంత తగ్గుతుంది. కాలెర్పా జాతి శైవలాల విషయంలో జాగ్రత్త అవసరం. 1984లో మొనాకో తీరంలో మొదట కనబడిన కాలెర్పా టాక్సిఫోలియా మధ్యధరా సముద్రంలో విస్తారంగా వ్యాపించింది. కనుక ఏ శైవలాన్నీ కాలువలలో, సముద్రంలో పారవేయరాదు.

* పంపు: మరీ పెద్ద పంపు అమర్చితే చీలికల గుండా వచ్చే నీరు చాలక మూడవ గది ఎండిపోతుంది, పంపు గాలిని పీల్చుతుంది. నీటిలో మునిగి ఉండే పంపు వాడే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా నీటిలో చేరుతుంది.

మార్పులు చేసే క్రమం

పాత స్పాంజి, బయోబాల్స్, పింగాణీ ఉంగరాలలో కూడా ఉపయోగకర బాక్టీరియా ఉంటాయి. వీటన్నింటినీ ఒకేసారి తీసివేసినచో మిగిలిన బాక్టీరియా చాలక అమ్మోనియా పెరిగి చేపలు మరణించవచ్చు. అందువలన వారానికి నాలుగవ వంతు చొప్పున తీసివేస్తూ, ప్రతిసారీ అమ్మోనియా, నైట్రైటు పరీక్షించాలి. ఇవి కనబడినచో తదుపరి మార్పును నిలిపివేసి, నీటిని మార్చి, ఆహారం తగ్గించాలి.

ఒక మార్పుకు, మరొక మార్పుకు మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఉంటే దేని ఫలితం ఏమిటో తెలుస్తుంది. నైట్రేటు, ఫాస్ఫేటులను పూర్తిగా శూన్యం చేయటం కూడా మంచిది కాదు. అటువంటి నీటిలో పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగట పదార్థం వంటి సూక్ష్మజీవులు విజృంభించవచ్చు.

ఆవిరి, వేడి, విద్యుత్తు

నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉన్న 60 లీటర్ల తొట్టిలో 3 లీటర్ల నీరు ఆవిరైతే లవణీయత దాదాపు 36.8కి చేరుతుంది. ఈ లోటును ఉప్పునీటితో కాక, ఆర్.ఓ. ద్వారా శుద్ధి చేసిన మంచినీటితో మాత్రమే పూరించాలి. కొళాయి నీటిలో ఉండగల క్లోరిన్, రాగి సముద్ర జీవులకు హాని చేస్తాయి.

పగడాలకు 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. వేడి పెరిగితే పగడాలు తమలో నివసించే శైవలాలను కోల్పోయి తెల్లబడతాయి. వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలుగు ప్రాంతాలలో నీటిని చల్లబరచే చిల్లరు లేదా గది ఎయిర్ కండిషనరు తప్పనిసరి అవుతుంది. విద్యుత్తు నిలిచిపోతే ఏ ఫిల్టరూ పనిచేయదు, నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు అటువంటి సమయంలో చేపల ప్రాణాలు కాపాడుతుంది.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో పగడపు దిబ్బలను నిర్మించే రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుండి సేకరించటం నేరం. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధం ప్రకారం నియంత్రించబడుతుంది. సజీవ శిలకు బదులుగా కృత్రిమంగా తయారుచేసిన గుల్ల రాళ్ళను తొట్టిలో ఉంచి, వాటిపై క్రమంగా బాక్టీరియాను పెంచవచ్చు.

ఇవి కూడా చూడండి

* పగడపు దిబ్బ
* నత్రజని చక్రం
* అక్వేరియం
* శైవలాలు