యుద్ధ చిత్రాలూ, ప్రజల చరిత్రా

యుద్ధాన్ని గురించి గ్రంథాలు చదివేవారు కొందరు. సినిమాలు చూసేవారు కోట్లమంది. కనుక యుద్ధ చిత్రాన్ని వినోదమని చెప్పి విమర్శకుడు తప్పుకోవటానికి వీలులేదు. 1957లో డేవిడ్ లీన్ దర్శకత్వంలో వచ్చిన "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్"ను తీసుకుందాం. ఏడు ఆస్కార్ బహుమతులు పొందిన యీ చిత్రంలోని కళానైపుణ్యాన్ని నేను కాదనటంలేదు. అది సైనిక దురభిమానాన్ని ఎత్తిచూపిందనికూడా ఒప్పుకుంటాను. నా ప్రశ్న అందులోని చరిత్రను గురించి.

వాస్తవమేమిటి? 1942లో బర్మాను ఆక్రమించిన జపాను సైన్యానికి సముద్రమార్గం ప్రమాదకరమైంది. అందుచేత సయాములోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయత్ వరకు కొండలూ అడవులూ ఛేదించి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1943 అక్టోబరుకు పని పూర్తయింది. మిత్రరాజ్యాల ఖైదీలు 60,000కు పైగా పనిచేయగా 12,000కు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు తక్కువ అంచనా ప్రకారమే 1,80,000 మంది. వారిలో సుమారు 90,000 మంది చనిపోయారు. వీరు బర్మీయులు, జావావారు, మలయావారు, మలయా రబ్బరు తోటల్లోని భారతీయులు. ఆ భారతీయులలో అత్యధికులు తమిళులు, తెలుగువారూ వున్నారు. రబ్బరు ఎగుమతి ఆగిపోయి తోటల్లో పని పోయినవారికి మొదట కూలి ఆశ చూపారు. తర్వాత బలవంతంగా తరలించారు. ఖైదీలకు కనీసం తమ సైనిక వైద్యులు వుండేవారు. కూలీలకు ఆ ఆధారమూ లేదు. కలరా వస్తే బస్తీలకు బస్తీలే తుడిచిపెట్టుకుపోయాయి.

చిత్రంలో యీ కూలీలు లేరు. ఆసియా ప్రజలంటే ఆంగ్ల కమాండోల మూటలు మోసే సయాము స్త్రీలే. పైగా వంతెన కట్టటం చేతగాని జపానువారికి ఆంగ్ల అధికారి దారి చూపుతాడు. నిజానికి వంతెనను రూపొందించినవారు జపాను ఇంజనీర్లే. అక్కడి ఖైదీల అధికారి ఫిలిప్ టూసీ శత్రువుకు కీర్తిస్తంభం కట్టలేదు. అతని మనుషులు చాటుమాటుగా పనిని చెడగొట్టారు. వంతెనలు కూలింది 1945 నాటి విమానదాడులలో. మలయా స్వాతంత్ర్యం పొందిన సంవత్సరంలోనే వచ్చిన యీ కథ, చేజారుతున్న సామ్రాజ్యానికి కనీసం సామర్థ్యమైనా తమదేనన్న వూరట నిచ్చింది.

కల్పన యెంత బలమైనదో చూడండి. అసలు వంతెన వున్నది మే క్లాంగ్ నదిమీద. సినిమా చూసివచ్చిన యాత్రికులు క్వాయ్ నది యేదని అడుగుతుంటే, 1960 ప్రాంతంలో నదిలో ఆ భాగానికే క్వాయ్ యాయ్ అని పేరు మార్చారు! చిత్రకథ వ్రాసిన కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్‌లు కమ్యూనిస్టులన్న నెపంతో నిషిద్ధులు. అందుకని వారి బహుమతి ఇంగ్లీషులో వ్రాయని ఫ్రెంచి నవలాకారుడు పియర్ బూల్ పేర వెళ్ళింది. వారి మరణానంతరం గాని తప్పు దిద్దలేదు. తెరమీద కూలీలు మాయమైతే తెరవెనుక రచయితలు మాయమయ్యారు.

ఇదంతా దర్శకుని దురుద్దేశమని తేల్చటం తేలిక. అసలు కారణం మరింత లోతైనది. అధికారులు దినచర్యలు వ్రాశారు, జ్ఞాపకాలు అచ్చువేశారు. కాంచనబురి శ్మశానంలో సుమారు 7,000 మంది సైనికులకు వరుసలుగా సమాధులున్నాయి. కూలీలను అడవిలో గుంటల్లో పూడ్చారు. పేర్లు వ్రాసుకున్నవారు లేరు. వ్రాతలో లేనివారు సినిమాలోకి రాలేదు. సినిమాలో లేనివారు ప్రజల జ్ఞాపకంలోకి రాలేదు.

యుద్ధ చిత్రాలను బహిష్కరించమని నేననను. విద్యార్థులకు చూపించవలసిందే. చూపిన తర్వాత పై లెక్కలు నల్లబల్లమీద వ్రాసి, యీ 90,000 మంది తెరమీద యెక్కడున్నారని అడగాలి. ఆ ప్రశ్న వేయటం అలవాటైన ప్రేక్షకుడు తర్వాతి చిత్రాన్ని అంత తేలికగా చరిత్రగా అంగీకరించడు.