సంతకం ఆమెదే

అత్యాచార కేసులో వైద్య పరీక్ష కోసం ఒక స్త్రీని తిరువూరు ప్రభుత్వాసుపత్రికి పోలీసులు తీసుకొచ్చారనుకోండి. డాక్టరు చెయ్యి వేయకముందే ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు నివేదికలో ప్రత్యేకంగా రాయాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 184వ సెక్షన్ చెప్పేది ఇదే. 2024 జూలై 1కి ముందు ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 164ఎగా ఉండేది. సమ్మతి లేకుండా చేసిన పరీక్షను ఈ సెక్షన్ చూపించి సమర్థించుకోవడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. ఇంత మామూలు మాట చట్టంగా అమల్లోకి రావడానికి దేశం 2006 దాకా ఆగింది.

అంతకుముందు డాక్టరు రాసే కాగితం బాధితురాలికి రక్షణ కాలేదు సరికదా, ఆమె మీదే నేరారోపణ అయ్యేది. 1972లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో ఒక గిరిజన బాలికపై అత్యాచారం జరిగింది. ఆమెకు లైంగిక సంబంధాలు అలవాటేనని వైద్య పరీక్షలో తేల్చారు. ఒంటి మీద గాయాలు లేవన్నారు. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిందితులైన పోలీసులిద్దరినీ విడుదల చేసింది. అదే ఏడాది మన హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, చివరికి కోర్టులో వాళ్లు బయటపడ్డారు. మధ్యలో చర్చంతా ఆమె నడవడి మీదే. ఆమె పేరు ఊరూరా తెలుసు. నేనిక్కడ రాయను.

1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు దేశాయిగంజ్ కేసు తీర్పును తప్పుపడుతూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ కదలికతోనే లా కమిషన్ 1980లో 84వ నివేదిక ఇచ్చింది. బాధితురాలి పరీక్షకు ఆమె సమ్మతి ఉండాలన్న సిఫారసు అందులోనే ఉంది. 1983లో అత్యాచార చట్టాన్ని మార్చినప్పుడు కస్టడీలో జరిగే నేరాలకు శిక్ష పెంచారు, బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరం చేశారు. పరీక్ష సంగతి మాత్రం పక్కనపెట్టారు. దానికి 2005 సవరణలో గానీ చోటు దొరకలేదు. పాతికేళ్ల ఆ జాప్యంలో ఎంతమంది ఆడవాళ్లు అడిగేవాళ్లు లేక పరీక్ష బల్లల మీద పడుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు.

నేరంతో సంబంధం లేని మామూలు రోగి మాటేమిటి? దానికి జవాబు ఢిల్లీ నుంచి వచ్చింది. 1995 మేలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల అవివాహిత ఒక క్లినిక్‌కి వెళ్లింది. లాపరోస్కోపీతో లోపల ఏముందో చూడటానికి, అవసరమైతే పొట్ట కోయడానికి ఆమె సంతకం పెట్టింది. మత్తులో ఉండగా డాక్టరు బయటున్న ముసలి తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసింది. రోగి స్పృహలోకి వచ్చేదాకా ఆగితే ప్రాణానికి ముప్పేమీ లేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఫిర్యాదును కొట్టేసింది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆమె వైపు నిలబడింది. జస్టిస్ రవీంద్రన్ రాసిన ఆ తీర్పు ప్రకారం పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదు. స్పృహ వస్తే తానే చెప్పగల మనిషి తరఫున తల్లి ఒప్పుకోవడమూ చెల్లదు. ప్రాణం కాపాడటానికి తప్పనిసరైతేనే మినహాయింపు. పరిహారం రూ. 25,000. పోయినదానికి ఆ మొత్తం ఏ మూలకూ రాదు. కానీ తీర్పు దేశమంతటి రోగులకూ దక్కింది.

ఇలా పోరాడింది మనమొక్కరమే కాదు. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తులో ఉన్న స్త్రీలకు విద్యార్థులు సమ్మతి లేకుండానే యోని పరీక్ష చేసేవారని 1988లో న్యూజిలాండ్ విచారణ బయటపెట్టింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీని మీద విడిగా చట్టాలు చేశాయి. మన దగ్గర ఈ ఒక్క విషయానికే ప్రత్యేక చట్టం లేదు. సమీరా తీర్పే దిక్కు. ఉంటే బాగుండేది, ఉండాలి.

అత్యాచార బాధితులకు చేసే పరీక్షలన్నిటిలోకీ అమానుషమైనది, లైంగిక సంబంధాలు అలవాటేనా అని వేళ్లతో చూసే రెండు వేళ్ల పరీక్ష. 2013లో లిల్లు కేసులో, అది స్త్రీ గౌరవానికీ గోప్యతకూ భంగమని సుప్రీంకోర్టు అంది. 2014లో ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. అయినా ఆగకపోతే 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇక ఎవరు చేసినా దుష్ప్రవర్తన కిందే లెక్క అని. ఆ ధర్మాసనంలో జస్టిస్ చంద్రచూడ్‌తో పాటు, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ ఉన్నారు.

కాగితం మీద రాసినంత మాత్రాన సమ్మతి నిజమైపోదు. తిరువూరు పొలిమేర దాటితే ఖమ్మం జిల్లా. 2009లో అక్కడ దాదాపు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. పార్లమెంటరీ కమిటీ 2013లో చెప్పిన ప్రకారం పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవే. 1,948 మీద వేలిముద్రలు. కూతురికి ఏం వేస్తున్నారో ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు?

అందుకే అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. ఏ ఆసుపత్రిలోనైనా ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. గదిలో ఎవరెవరు ఉంటారో అడగండి. పక్కన ఆడమనిషి కావాలంటే గట్టిగా చెప్పండి. మీ బదులు భర్తో అత్తగారో సంతకం పెడతానంటే పడనివ్వకండి. పోలీసు కేసులో పరీక్ష వద్దన్నా బాధితురాలికి ఉచితంగా చికిత్స చేయాల్సిందేనని చట్టం చెబుతోంది.