గిటారు గొంతును మార్చిన తీగచుట్ట

విద్యుత్ గిటారును చేతబట్టి చూచినవారికి మొదట కంటబడునవి దాని ఆకారము, రంగు, ఆరు ఉక్కుతీగలు. ఆ తీగల క్రింద వ్రేలెడు పొడవున్న చిన్నపెట్టె ఒకటి ఇమిడి ఉండును. దానినే పికప్పు అందురు. ఆ వాద్యము పలుకు స్వభావములో చాలభాగము ఆ పెట్టెను బట్టియే ఉన్నది. అందుచేతనే తన గిటారు తనకు తృప్తి కలిగించనప్పుడు వాదకుడు కొత్త వాద్యము కొనుటకు బదులు పాత పికప్పును ఊడదీసి, మరియొకటి బిగించుకొనును. అయితే దేనిని బిగించుకొనవలెను? ధరల పట్టిక చూచి తేల్చుకొనదగిన ప్రశ్న కాదిది. ఆ పెట్టె ఏ కొరతను తీర్చుటకు పుట్టినదో, ఎందుకు ఇన్ని రూపులు దాల్చినదో తెలిసినవారికి సమాధానము కొంత సులభమగును.

అయస్కాంత క్షేత్రము మారినప్పుడు దాపుననున్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించినాడు. పికప్పుకు మూలసూత్రము అదియే. అయస్కాంతము చుట్టును సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి గిటారు తీగల క్రింద అమర్చుదురు. ఉక్కుతీగ కంపించగా క్షేత్రము చలించును. చుట్టలో అదే లయతో అల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెంచి వినిపించును. నరపు తీగకు గాని, నైలాను తీగకు గాని ఈ పెట్టె పలుకదు.

1920ల దశకమున అమెరికాలో నాట్యశాలల మేళములు పెద్దవైనవి. బాకాల నడుమ, డ్రమ్ముల నడుమ గిటారు మాట ఎవరికిని వినబడలేదు. ఈ బాధ స్వయముగా అనుభవించినవాడు లాస్ ఏంజిలిస్‌లోని హవాయియన్ గిటారు వాదకుడు జార్జి బోషాంప్. గుర్రపు లాడము వంటి రెండు అయస్కాంతములను తీగలకు చుట్టి వచ్చునట్లు అమర్చి, 1931లో ఆయన ఒక నమూనా సిద్ధము చేసినాడు. అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ తోడ్పాటుతో అది 1932లో అంగడికి వచ్చినది. గుండ్రని అల్యూమినియం ఒడలు, పొడవైన మెడ గల ఆ వాద్యమునకు జనులు పెట్టిన ముద్దుపేరు 'వేపుడు పెనము'. 1934లో కోరిన పేటెంటు బోషాంప్‌కు 1937లో గాని దక్కలేదు.

1936లో గిబ్సన్ సంస్థ విద్యుత్ గిటారును వెలువరించినది. అట్టి గిటారుతోనే ఛార్లీ క్రిస్టియన్ అను నీగ్రో యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళములో చేరి, అంతవరకు తాళమునకు తోడుగా వెనుక కూర్చున్న గిటారును బాకాతో సమానముగా ముందు నిలిపినాడు. 1942లో, నిండా ఇరువదియారేండ్లు రాకుండనే, క్షయవ్యాధికి బలియైనాడు. అతడు వాడిన రకపు పికప్పు నేటికిని అతని పేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

గొంతు వచ్చినది కాని, దానితో రొద కూడ వచ్చినది. తీగచుట్టకు వివేకము లేదు. గిటారు తీగ చలనమును పట్టినట్లే గదిలోని దీపముల నుండి, ట్రాన్స్‌ఫార్మరుల నుండి వచ్చు విద్యుత్ చలనమును కూడ పట్టి వినిపించును. ప్రసారశాలలో పనిచేయువారికి ఈ 'హమ్ము' చిరపరిచితమైన శత్రువు. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ దీనికి ఉపాయము కనిపెట్టి 1955లో పేటెంటు కోరినాడు. అది 1959లో లభించినది. ఆయన ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన పెట్టి, రెండవదాని అయస్కాంత ధ్రువమును, చుట్టు తీరును తారుమారు చేసినాడు. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దగును. తీగల నాదము మాత్రము కూడును. ఇదియే హంబకర్.

అయితే రొదతోబాటు నాదములోని సన్నని మెరుపు కూడ కొంత తగ్గినది. అందుచేత లియో ఫెండర్ 1954లో వెలువరించిన స్ట్రాటోకాస్టర్ వంటి ఒంటిచుట్ట గిటారులు వెనుకబడలేదు. రొదను సహించి మెరుపును కోరువారు కొందరు, మెరుపును కొంత వదలుకొని నిండుదనమును కోరువారు కొందరు. ఈ రెండు పక్షములు నేటికిని ఉన్నవి.

1950ల దశకాంతమున చేసిన హంబకర్లు ఒకదానివలె మరియొకటి పలుకవు. ఒక్కొక్క చుట్టకు సుమారు 5,000 చుట్లు. తీగ వెంట్రుక వంటిది. చుట్ల లెక్క కచ్చితముగా కుదరక హెచ్చుతగ్గులు వచ్చెడివి. అయస్కాంతములు కూడ దొరికిన రకము వాడెడివారు. 1960ల దశకమున తయారీ క్రమబద్ధమైనది. ఆ వైవిధ్యము పోయినది. 1966లో జాన్ మేయాల్ బృందముతో ఎరిక్ క్లాప్టన్ ఇచ్చిన రికార్డు వెలువడిన పిమ్మట యువవాదకులు పాత గిటారులకై వెదకసాగిరి. అవి కొలదిగనే ఉన్నవి.

ఆ కొరత నుండి ఒక కొత్త వృత్తి పుట్టినది. న్యూయార్కు వాడైన లారీ డిమార్జియో 1972లో సిరామిక్ అయస్కాంతముతో, హెచ్చు చుట్లతో బలమైన పికప్పును చేసి విడిగా అమ్మినాడు. పాతదాని స్థానమున బిగించుకొనుటకై విడిగా అమ్మిన వానిలో దానినే మొదటిదిగా సాధారణముగా చెప్పుదురు. చెడిన పాత చుట్టలకు మరల తీగ చుట్టుచు పని నేర్చిన సేమూర్ డంకన్ 1976లో కాలిఫోర్నియాలో సంస్థ స్థాపించినాడు. ఒక మార్గము ధ్వనిని పెంచుట, మరియొకటి పోయిన గొంతును తిరిగి తెచ్చుట. నేటి వాదకుని ఎదుట నున్నవి ప్రధానముగా ఈ రెండు మార్గములే.

ఎంచుకొనువారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. చుట్లు పెరిగినకొలది ధ్వని బలపడును, కాని పై స్థాయి మెరుపు తగ్గును. పెట్టెపై వ్రాసిన ఓముల సంఖ్య ఒక్కటే ప్రమాణము కాదు. తీగ మరింత సన్ననిదైనచో చుట్లు పెరుగకున్నను ఆ సంఖ్య పెరుగును. గుర్రము దగ్గర తీగ కదలిక స్వల్పము గనుక అచ్చట బలమైన చుట్ట కావలెను. మెడ దగ్గర మృదువైనది చాలును. అన్నిటికంటె ముందు, ఉన్న పికప్పు ఎత్తును మరచుట్టుతో సరిచేసి వినవలెను. మరీ దగ్గరైనచో అయస్కాంతము తీగను లాగి శ్రుతిని చెరచును. కాసు ఖర్చులేని ఈ సవరణతోనే కొందరి అసంతృప్తి తీరిపోవును.

ఈ కథలో మన తెలుగునేలకును భాగమున్నది. మామూలు మాండొలిన్ నాదము మీటిన వెంటనే ఆరిపోవును. గమకము పలికించుటకు వ్యవధి చాలదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను చేబట్టి, జంటతీగలకు బదులు ఐదు ఒంటితీగలు కట్టి, కర్ణాటక సంగీతమును దానిపై నిలిపినాడు. నాదము నిలిచినది గనుక గమకము నిలిచినది. 2014లో ఆయన కన్నుమూయునాటికి ఆ పరదేశపు వాద్యము మన కచ్చేరీలకు సొంతమైనది. ఆయన తనకు ఏ గొంతు కావలెనో ముందు ఎరిగి, తదనుగుణముగా వాద్యమును దిద్దుకొన్నాడు.

పికప్పు మార్చదలచినవాడు కూడ ముందుగా ప్రశ్నించుకొనవలసినది ఇదియే. తనకు వచ్చిన బాధ రొదయా, బలము చాలకపోవుటయా, లేక ఎవరో మహావాదకుని రికార్డువలె పలుకలేదన్న దిగులా? మొదటి రెండింటికి మందు అంగడిలో దొరకును. మూడవదానికి మందు సాధకుని వ్రేళ్లలోనే ఉన్నది. ఊడదీసిన పాత పెట్టెను మాత్రము పారవేయరాదు. కాగితములో చుట్టి భద్రపరుపవలెను. ఒకనాడు విలువ ఎరుగక తీసివేసిన 1950ల నాటి పికప్పు వెల నేడు మంచి కొత్త గిటారు వెలకు మించి పలుకుచున్నది.