దొరికిన బిడ్డ ఎవరి చేతికి? యాడికి సీమలో ఒక ఆచారపు చరిత్ర

ఊరికి కొత్తయిన మగవాడి చేతిలో పసిబిడ్డ ఏడుస్తూ కనిపిస్తే చూసినవాళ్లకు ముందు కలిగేది అనుమానం. బిడ్డ తప్పిపోయిందేమో, అతడు కన్నవాళ్లను వెతుకుతున్నాడేమో అన్న ఆలోచన తర్వాత వస్తుంది. ఒక్కోసారి అది వచ్చేలోపే దెబ్బలు పడిపోతాయి. అనంతపురం జిల్లాలో గుత్తికీ తాడిపత్రికీ మధ్యనున్న యాడికిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ అనుమానం ఈనాటిది కాదు. దానికి పగ్గం వేసి ఉంచిన పాత కట్టుబాటు కూడా ఒకటుండేది. ఆ కట్టుబాటు ఎలా పుట్టింది, ఎలా సడలింది, దాని స్థానంలోకి ఏమి వచ్చింది అన్నది తెలిస్తే, బిడ్డను చేరదీసిన మనిషి ఈ రోజు ఎందుకు భయపడుతున్నాడో అర్థమవుతుంది.

పిల్లలు తప్పిపోయే నేల

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. బుడ్డల (వేరుశనగ) పంట చేతికొస్తే ఇంట్లో నాలుగు మెతుకులు, రాకపోతే మూట సర్దుకుని వలస. ధాత కరువుగా పెద్దలు చెప్పుకున్న 1876–78 నాటి కరువులో ఈ ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకుముందే, 1871 నాటికి, మద్రాసు నుంచి రాయచూరు వైపు వెళ్లే రైలుదారి పూర్తయింది. తాడిపత్రి, రాయలచెరువు, గుత్తి ఆ దారి మీదివే. కరువు రోజుల్లో గంజి కేంద్రాల దగ్గరా, కరువు పనుల దగ్గరా, దారుల వెంటా కుటుంబాలు విడిపోయాయి. పెద్దవాళ్లు చనిపోయి పిల్లలు మిగిలిన ఇళ్లు ఎన్నో.

కరువు లేని ఏడాదిలో పిల్లలు తప్పిపోయేది జనం గుమికూడే చోట్ల. వారపు సంత, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి తిరుణాల, నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ అలాంటివి. తల్లి గాజులు బేరమాడుతూ కొంగు వదిలిన క్షణం చాలు, మూడేళ్ల బిడ్డ కాళ్ల సందుల్లో మాయమవుతుంది. ఆ బిడ్డ ముందుగా చెయ్యి పట్టుకునేది పక్కన ఎవరుంటే వాళ్లది. సంతలో, బస్టాండులో, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆ పక్కనుండేది చాలాసార్లు మగవాడే.

రెడ్డి, తలారి, దండోరా

1800లో ఈ ప్రాంతం నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కి దత్తమండలాలుగా మారింది. 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరి పెద్దల ద్వారానే పాలన సాగాలని నమ్మినవాడు. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన 11వ రెగ్యులేషను రెడ్డి, మునసబు అని పిలిచే ఊరి పెద్దకు పోలీసు బాధ్యత అప్పగించి, తలారిని అతని కింద నిలబెట్టింది. పంటకు కాపలా, ఊరికి కాపలా, కొత్తగా వచ్చిన మనిషి మీద కన్ను వేసి ఉంచడం తలారి పని.

ఈ ఏర్పాటులో తప్పిపోయిన బిడ్డకు ఒక దారి ఉండేది. పశువు తప్పిపోయినా, పసిబిడ్డ తప్పిపోయినా కబురు చేరేది ఊరి పెద్ద కూర్చునే చావిడికే. బిడ్డను చూసినవాడు రచ్చకట్ట దగ్గరికి తెస్తాడు, తలారి పేరూ ఊరూ అడుగుతాడు, దండోరా వేయిస్తారు. దగ్గరి ఇంట్లోంచి ఒక ఆడమనిషి వచ్చి బిడ్డకు ఇంత మజ్జిగ పోసి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఇందులో మూడు సంగతులున్నాయి. బిడ్డ ఊరి పొలిమేర దాటదు. తెచ్చినవాడు ఒంటరిగా ఉండడు. కబురు అందరికీ ఒక్కసారే తెలుస్తుంది. తెచ్చినవాడు మంచివాడా కాడా అని తేల్చవలసిన పని ఎవరికీ పడదు, ఎందుకంటే చావిడిలో అడుగుపెట్టగానే బిడ్డ బాధ్యత అతని చేతుల్లోంచి ఊరి చేతుల్లోకి పోతుంది. దొరికిన బిడ్డకు రక్ష అయిన ఆ పద్ధతే, చేరదీసిన మగవాడికీ రక్ష.

బూచోడు, బలి, ముఠా

ఈ కట్టుబాటు ఎందుకు అవసరమయిందో తెలియాలంటే దాని వెనకున్న భయాన్ని చూడాలి. అన్నం తినని బిడ్డను బూచోడికి పట్టిస్తానని బెదిరించని ఇల్లు అరుదు. ఆ బూచోడు భుజాన సంచి వేసుకున్న మగవాడు, ఊరికి పరాయివాడు. బిడ్డకు మాటలు పూర్తిగా రాకముందే ఆ బొమ్మ మనసులో పడుతుంది.

దీనికి బలి భయం తోడయింది. కట్ట నిలవాలంటే ప్రాణం కావాలన్న నమ్మకం ఈ జిల్లాకు బాగా తెలుసు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు. ఆంగ్లేయుల కాలంలో పెద్ద వంతెనలు కట్టినప్పుడల్లా పునాదిలో పిల్లలను బలి ఇస్తారన్న పుకారు దేశంలో చాలాచోట్ల లేచింది. కోటలూ పాత గుళ్లూ నిండిన రాయలసీమలో గుప్తనిధుల కోసం పసివాళ్లను ఎత్తుకుపోతారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడో భయానికి ప్రభుత్వమే ముద్ర వేసింది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎరుకల కుటుంబాలు ఎన్నో దాని కిందికి వచ్చాయి. 1913లో బాపట్ల దగ్గర ఏర్పడిన స్టువార్టుపురం అలాంటి సెటిల్మెంటే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఊరూరా తిరిగే మనిషి మీద పడిన అనుమానం మాత్రం జనం మనసుల్లో మిగిలిపోయింది.

1860 నాటి భారత శిక్షాస్మృతి కిడ్నాపును నిర్వచించింది. చిన్నపిల్లలను సంరక్షకుల అనుమతి లేకుండా వాళ్ల సంరక్షణలోంచి తీసుకుపోయినా, మరిపించి తీసుకుపోయినా అది నేరం. తీసుకుపోయినవాడికి దురుద్దేశం ఉండి తీరాలన్న మాట ఆ నిర్వచనంలో లేదు. పిల్లలను ఎత్తుకుపోయి అవయవాలు విరిచి అడుక్కునేలా చేసేవాళ్లను శిక్షించడానికి 1959లో 363ఎ సెక్షను చేరింది. భయానికి ఆధారం కొంత నిజంగానే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లల దొంగలు లేకపోలేదు. దొంగకూ, దారి చూపేవాడికీ పైకి తేడా కనిపించకపోవడమే చిక్కు.

చావిడి ఖాళీ అయింది

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. కానీ దొరికిన బిడ్డను అప్పగించడానికి ఊరందరికీ తెలిసిన గడప ఒకటి దానితోపాటే చెదిరింది. ఊళ్ల రూపం కూడా మారింది. యాడికి మండలం బోయరెడ్డిపల్లెలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. కూలీలుగా, లారీ డ్రైవర్లుగా ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పోతుంటారు. ఈ ఊళ్ల మగవాళ్లు పనికోసం బెంగళూరు పోతారు. ఇక్కడ ఊరివాడైన మనిషి అక్కడ పరాయివాడు, భాష రానివాడు. అనుమానం పడేది ఎవరి మీదన్నది అతడు నిలబడిన చోటునుబట్టి మారిపోతుంది.

పాత గడప స్థానంలో కొత్తవి మెల్లగా వచ్చాయి. 1996లో ముంబయిలో చైల్డ్‌లైను 1098 నంబరు మొదలై దేశమంతా పాకింది. 2013 మే 10న సుప్రీంకోర్టు, బిడ్డ కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే కిడ్నాపు లేదా అక్రమ రవాణాగానే భావించి కేసు నమోదు చేయాలని ఆదేశించింది. పోలీసులు ఫిర్యాదులను పక్కన పెట్టకుండా చూసి ఆ ఆదేశం ఎందరో తల్లులకు మేలు చేసింది. అయితే కేసు కిడ్నాపు పేరుతో మొదలవుతుంది కాబట్టి, బిడ్డ పక్కన కనిపించిన మనిషిని ముందు ప్రశ్నించడం తప్పనిసరయింది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ప్రారంభమై, వాటిలో మహిళా పోలీసులు నియమితులయ్యారు. చావిడి పోయిన ముప్పై అయిదేళ్లకు ఊళ్లోనే మళ్లీ ఒక గడప ఏర్పడింది.

2018 వేసవి

ఈ రెండు గడపల మధ్య కాలంలోనే అతి పెద్ద ప్రమాదం జరిగింది. 2018 వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ సందేశాలు ఫోను నుంచి ఫోనుకు పరుగెత్తాయి. పార్థీ ముఠా దిగింది, పిల్లలను ఎత్తుకుపోతోంది అన్నది వాటి సారాంశం. పార్థీలు 1871 చట్టం నాటి ముద్ర మోసిన సంచార తెగల్లో ఒకరు. నూట నలభై ఏడేళ్ల తర్వాత అదే ముద్ర ఫోను తెరమీద తేలింది. కరాచీలో పిల్లల రక్షణ గురించి తీసిన అవగాహన చిత్రంలోంచి, మోటారు సైకిలు మీద వచ్చినవాళ్లు బిడ్డను లాక్కుపోయే ముక్కను మాత్రం కత్తిరించి నిజమైన సంఘటనగా తిప్పారు.

మే 9న తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో కులదైవం గుడికి బయలుదేరిన 65 ఏళ్ల పెద్దావిడను పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు జనం కొట్టి చంపారు. మే 23న బెంగళూరు చామరాజపేటలో రాజస్థాన్ నుంచి పనికి వచ్చిన యువకుడు బలయ్యాడు. మే 26న హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడా సంతలో ఒక చిన్నారితో మాట్లాడబోయారన్న అనుమానంతో అయిదుగురు సంచారులను చంపారు. జులై 13న కర్ణాటక బీదర్ జిల్లా ముర్కి దగ్గర బడిపిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి 32 ఏళ్ల హైదరాబాదు ఇంజనీరు చనిపోయాడు. వీళ్లలో ఎవరూ పిల్లల దొంగలు కారు. బిడ్డ వైపు చాచిన చెయ్యే కొందరికి ఉరితాడయింది.

తుంగభద్రకు అవతల జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి తొక్కారు. పల్లెలకు పోలీసులను పంపి, డప్పు కొట్టించి, జానపద కళాకారులతో పాటలు పాడించి పుకారు అబద్ధమని చెప్పించారు. ఆ వేసవిలో ఆ జిల్లాలో ఈ పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. దండోరాకు కాలం చెల్లలేదని ఆ ఊళ్లు చూపించాయి. జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులను ఆపడానికి ప్రతి జిల్లాలో నోడల్ అధికారిని నియమించాలని ఆదేశించింది. అదే నెలలో వాట్సాప్ భారతదేశంలో ఒకసారికి అయిదు చాట్‌లకు మించి సందేశాన్ని ఫార్వర్డు చేయకుండా కట్టడి చేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103(2)లో మూకహత్యకు ప్రత్యేకంగా శిక్ష రాశారు.

పక్కకు తప్పుకుంటే

అయితే చూడనట్టు పోవడమే క్షేమమా? 2002లో ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో రెండేళ్ల పాప నర్సరీ నుంచి బయటికి వచ్చి రోడ్డు మీద ఒంటరిగా నడుస్తుండగా వ్యానులో పోతున్న ఒక తాపీమేస్త్రీ చూశాడు. దిగితే ఎత్తుకుపోతున్నాననుకుంటారేమోనని భయపడి ముందుకు పోయాడు. ఆ పాప కుంటలో పడి చనిపోయింది. 2006లో జరిగిన విచారణలో అతడే ఈ సంగతి చెప్పాడు. అనుమానం అమాయకుడిని చంపినట్టే, అనుమాన భయం బిడ్డనూ చంపగలదు.

మన చట్టం కూడా చూడనట్టు పోవద్దనే అంటుంది. 2015 బాల న్యాయ చట్టం 32వ సెక్షను ప్రకారం, కన్నవాళ్లనుంచి విడిపోయిన బిడ్డ దొరికితే 24 గంటల్లో చైల్డ్‌లైనుకో, పోలీసు స్టేషనుకో, జిల్లా బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల రక్షణ యూనిట్‌కో తెలియజేయాలి. చెప్పకపోతే 34వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లను ఆదుకున్న మనిషికి కేసుల బెడద ఉండకూడదని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షనుతో భరోసా ఇచ్చింది. దారితప్పిన బిడ్డను చేరదీసిన మనిషికీ అంత సూటి భరోసా దక్కడం న్యాయం.

పదిమంది కళ్ల ముందు

తిరుణాలలో ఇప్పుడు నడిచే పద్ధతిని దగ్గరగా చూస్తే పాత చావిడి ఆచారమే కొత్త రూపంలో కనిపిస్తుంది. బిడ్డను చూసిన మగవాడు ఎత్తుకోకుండా పక్కన గొంతుక్కూర్చుంటాడు. బొమ్మల అంగడి అమ్మిని పిలిచి, అక్కా, ఈ పాప ఎవరి బిడ్డో చూడు అంటాడు. ఆమె పాప చెయ్యి పట్టుకుంటుంది. ఇద్దరూ ముగ్గురూ కలిసి గుడి దగ్గర మైకున్న పందిరికి నడుస్తారు. ఎర్ర గౌను, కాళ్లకు పట్టీలు, పేరు అడిగితే బుజ్జి అంటోంది, తల్లిదండ్రులు వెంటనే రావాలి అని మైకులో చెప్పిస్తారు. తల్లి పరుగెత్తుకొచ్చి బిడ్డను హత్తుకునేలోపు ఆ మగవాడిని చూసినవాళ్లు యాభై మంది ఉంటారు.

మైకు లేనిచోట ఫోనుంది. బిడ్డను దొరికిన చోటునుంచి దూరం తీసుకుపోకుండా అక్కడినుంచే 1098కో 112కో ఫోను చేయడం, సొంత బండిలో ఎక్కించుకోకపోవడం, తినడానికి ఏదైనా ఇవ్వాలంటే నలుగురి ముందే ఇవ్వడం, పోలీసులు వచ్చేదాకా ఒక ఆడమనిషిని తోడుగా ఉంచుకోవడం అన్నవి చావిడి కాలపు మూడు సూత్రాల కొనసాగింపులే. జనం వైపునుంచి కావలసింది ఒక్కటే. చెయ్యి లేపేముందు పేరూ ఊరూ అడగడం. తలారి అదే చేసేవాడు.