మాగ్నమ్ తూటా, మన్యం పులి, మంచె మీద రైతు

స్టీల్ ప్లాంటులో పనిచేసే మన పేజీ పాఠకుడు ఒకాయన పోయిన వారం మెసేజ్ పెట్టాడు. ఊళ్ళో చెరకు వేశాడు. అడవిపందులు రాత్రికి రాత్రే తోటలో పడి గెడలు విరిచేస్తున్నాయి. వాళ్ళ బావమరిది టెక్సాస్‌లో ఉంటాడట, అక్కడ .300 విన్చెస్టర్ మాగ్నమ్ రైఫిల్‌తో పందుల్ని కొడుతున్న వీడియో పంపాడట. "అన్నా, అలాంటిది ఒకటి మన దగ్గరుంటే చాలు కదా? మాగ్నమ్ అయితే గురి తప్పదటగా?" అని అడిగాడు.

మొదటి ప్రశ్నకి జవాబు చట్టంలో ఉంది, చివర్లో చెప్తాను. రెండోదాని జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్రలో మన కొండలున్నాయి, జమీందార్లున్నారు, మన్యం జనం ఉన్నారు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. తుపాకీలో పెట్టేది తూటా, అంటే ఇత్తడి డొప్ప, అందులో మందు, మూతి దగ్గర గుండు. గొట్టంలోంచి పోయేది ఆ గుండు ఒక్కటే. .300, .375, .450 అనే అంకెలు గొట్టం లావుని అంగుళంలో చెప్తాయి. మాగ్నమ్ అంటే లాటిన్‌లో పెద్దది. పెద్ద వైను సీసాకి ఆ పేరుంది. తుపాకులోళ్ళు దాన్ని తెచ్చి, అదే లావు గుండు వెనక పెద్ద డొప్ప, ఎక్కువ మందు పెట్టిన తూటాకి తగిలించారు. అంతే తప్ప ఆ పేరులో గురికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు.

ఇక వేట సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం ఎస్టేటు మన విశాఖపట్నం జిల్లాలోదే. విజయనగరం అయితే 1979 దాకా మనతోనే ఉంది. అంటే పెద్ద వేట జమీందార్లు ఇద్దరూ ఒకే జిల్లా వాళ్ళు. ఇవాళ సిటీని ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి కూడా ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలోదే. ఆ ఇంటి బిడ్డ 'విజ్జీ' 1936లో ఇంగ్లాండులో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. మూడొందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడు. ఆయన పరుగుల లెక్క తెలిసినవాళ్ళు పులుల లెక్క విని నవ్వుకునేవారు, అది వేరే కథ.

ఆ రోజుల్లో పెద్ద జంతువుకి పేరుమోసిన తూటా .450 నైట్రో ఎక్స్‌ప్రెస్. 1898లో వచ్చింది. పాత నల్లమందు పోయి కార్డైట్ అనే పొగలేని మందు వచ్చిన కాలమది. 31 గ్రాముల గుండు సెకనుకి 650 మీటర్ల వేగంతో పోయేది. అడవిదున్న, ఏనుగు, పులి, అన్నిటికీ అదే. అయితే 1907 ప్రాంతంలో బ్రిటిష్ సర్కారు ఇండియాలోకి .450 తూటాలు రాకుండా కట్టడి చేసింది. జంతువుల మీద జాలితో కాదు. సైన్యం పాత రైఫిల్ మార్టినీ-హెన్రీ గొట్టం కూడా .450 లావే. దొంగిలించిన మార్టినీలు జనం చేతుల్లో ఉన్నాయి, వేట తూటాల్లోని సరుకు వాటికి పనికొస్తుందేమోనని దొరల భయం.

కంపెనీలు ఊరుకుంటాయా? అంగుళంలో వెయ్యో వంతులు అటూ ఇటూ జరిపి .465, .470, .475, .476 అని వరసగా అమ్ముకున్నాయి. వేటగాళ్ళ పుస్తకాల్లో వీటి మధ్య తేడాల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. నన్నడిగితే పులికి ఆ తేడా తెలీదు. ఆ అంకెల్ని నిర్ణయించింది అడవి కాదు, తుపాకీ జనం చేతికి పోతుందన్న భయం.

ఆ భయం ఉత్తదా అంటే అదీ కాదు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. దొరలకీ కొందరు పెద్ద జమీందార్లకీ మినహాయింపులు, కొండ మనిషికి విల్లంబులు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడి ఎత్తుకుపోయినవి పాతికకు పైగా తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు. డబ్బు కాదు, గమనించండి. నెల తిరిగేసరికి దామనపల్లి దగ్గర స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు ఆ దళం చేతిలో చచ్చిపోయారు.

ఇప్పుడు మాగ్నమ్‌కి వద్దాం. 1912లో లండన్ హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ .375 మాగ్నమ్ తెచ్చింది. 19 గ్రాముల గుండు, సెకనుకి 770 మీటర్లు. ఇది మంచి తూటా, ఒప్పుకోవాలి. ఎందుకో చెప్తాను.

అంతకుముందు పెద్ద వేటకి వాడేవి ఎక్కువగా జంట గొట్టాల రైఫిళ్ళు. రెండు గొట్టాల గుళ్ళూ ఫలానా దూరంలో ఒకే చోట తగిలేలా ఫ్యాక్టరీలో సరిచేసేవారు. ఏ మందు, ఎంత మందు, ఏ గుండు అన్నదాని మీదే ఆ లెక్క. తూటా మారిస్తే కుడి గొట్టం ఒకచోట, ఎడమ గొట్టం ఒకచోట. పైగా కార్డైట్‌కి మన ఎండ పడదు. వేడెక్కితే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకని ఇండియాకి వచ్చే తూటాల్లో మందు కాస్త తగ్గించి పెట్టేవారు. లండన్ చలిలో సరిచేసిన రైఫిల్ విశాఖ మే నెలలో అలాగే కొడుతుందా? .375 వచ్చాక ఒంటి గొట్టం బోల్ట్ రైఫిల్‌లో బరువు తేడా ఉన్న మూడు రకాల గుళ్ళు కూడా దాదాపు ఒకేచోట తగిలేవి. దాని పేరు నిలిచింది అందుకే.

మరి తన్ను సంగతి? గుండు ముందుకి పోతే తుపాకీ వెనక్కి తంతుంది. దాన్ని అడుగు-పౌన్లలో కొలుస్తారు. ఒక పౌను బరువుని ఒక అడుగు పైకి లేపే శక్తి ఒక అడుగు-పౌను. మామూలు రైఫిల్ బరువుతో లెక్కేస్తే, మాగ్నమ్ కాని .30-06 భుజానికి 20 దాకా కొడుతుంది. మీ బావమరిది .300 విన్చెస్టర్ మాగ్నమ్ 25. .375 మాగ్నమ్ 40. 1956లో వచ్చిన .458 విన్చెస్టర్ మాగ్నమ్ 60. .30-06కి మూడు రెట్లు.

దీనికీ గురికీ సంబంధం ఉంది. రైఫిల్‌ని బల్లకి బిగించి పేలిస్తే మాగ్నమ్ గురి బాగానే ఉంటుంది. .300 మాగ్నమ్ గుండు తిన్నగా పోతుంది కాబట్టి 300 గజాల దూరంలో నిజంగా మేలే. కానీ బల్ల వేటాడదు కదా. నాలుగు సార్లు తన్ను తిన్న భుజం అయిదోసారి ముందే ఉలిక్కిపడుతుంది. కళ్ళు మూసుకుపోతాయి, ట్రిగ్గర్ మీద వేలు లాగేస్తుంది, గుండు జానెడు పక్కకి పోతుంది. గుండెలో తగలాల్సింది పొట్టలోనో దవడలోనో తగులుతుంది. ఎంత పెద్ద తూటా అయినా దవడకి తగిలితే జంతువు చావదు, వెళ్ళిపోతుంది.

వెళ్ళి ఏం చేస్తుందో కుమావోనులో చూశారు. 436 మందిని చంపిందని లెక్కకెక్కిన చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ కొట్టాడు. దాని కోరలు కుడివైపు పైదీ కిందిదీ విరిగిపోయి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ. అడవి జంతువుని పట్టలేక మనుషుల మీద పడిందని ఆయనే రాశాడు. ఎవరి చెయ్యి వణికిందో తెలీదు గానీ ఫలితం అనుభవించింది కట్టెలకీ గడ్డికీ వెళ్ళిన ఆడవాళ్ళు. జమీందారు వేటైనా ఇంతే. గాయపడ్డ పులి తప్పించుకుంటే దొర మంచె మీద భద్రంగా ఉంటాడు. ఉత్త చేతుల్తో డప్పులు కొట్టుకుంటూ పొదల్లోంచి నడిచొచ్చేది ఊరి జనం. ఎన్ని పులులు పడ్డాయో పుస్తకాల్లో ఉంటుంది. ఎన్ని గాయంతో పోయాయో ఎవరు రాస్తారు?

ఇంకోపక్క చూడండి. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో ఎక్కువ భాగం .275 రిగ్బీ అనే చిన్న తూటాతోనే. గుండు 11 గ్రాములు, తన్ను .30-06 కంటే తక్కువ. ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో కోసి చూసి నేర్చుకున్నాడు. ఆ పనిని నేను మెచ్చుకోను, కానీ తూటా గురించి వాదించేవాళ్ళకి అదే జవాబు. కార్బెట్‌కి చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిందీ అదే .275. మన చిత్తూరు వైపు చామల లోయలో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ .405 విన్చెస్టర్ వాడాడు, అదీ మాగ్నమ్ కాదు.

సరే, పంది సంగతి. చెరకుతోటలో పంది కనిపించేది చీకట్లో, ముప్పై అడుగుల్లో. 300 గజాలు తిన్నగా పోయే గుండుతో అక్కడ పనేటి? గురి తప్పిన రైఫిల్ గుండు నాలుగైదు కిలోమీటర్లు పోగలదు. టెక్సాస్‌లో అంత దూరం బీడు ఉండొచ్చు. మన అనకాపల్లి, చోడవరం వైపు ఆ దూరంలో రెండు ఊళ్ళు, ఒక బడి, ఒక బస్టాపు ఉంటాయి.

చట్టం ఏమంటుందంటే, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా అడవిపందిని చంపడం నేరమే. త్రీ నాట్ త్రీ లాంటి సైన్యం తూటా మామూలు జనానికి ఇప్పటికీ నిషిద్ధం. అందుకే మన దేశంలో .315 అనే వేరే లావు రైఫిల్ అమ్ముతారు. అంటే .450 నాటి లెక్కే ఇంకా నడుస్తోంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపాడుకునే రైతుకి చెప్పే తుపాకీ ఏటో తెలుసా? మూతిలోంచి మందు కూరి పేల్చేది! అది చాలదని లైసెన్సు అధికారికి అనిపిస్తే గాడులు లేని ఇంకో తుపాకీ ఇవ్వొచ్చు. ఎన్నికలొస్తే అది కూడా స్టేషన్లో అప్పగించాలి. ఈలోగా జనం పొలం చుట్టూ కరెంటు తీగలు కడుతున్నారు, వాటికి పందులతో పాటు పక్క చేను రైతులూ పోతున్నారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు. నష్టం జరిగితే ఫోటోలు తీసి అటవీ శాఖకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

మీ ఊళ్ళో పాత జమీందారు ఇంట్లోనో, తాతల నాటి లైసెన్సు మీదో రైఫిల్ ఉంటే ఒక పని చెయ్యండి. దాన్ని పట్టుకోకుండా, ఉన్న చోటే, గొట్టం మీద చెక్కిన అంకెలు చదివి కామెంట్లో రాయండి. పాత జంట గొట్టాల వాటి మీద కార్డైట్ ఎంత, గుండు బరువెంత అన్నది కూడా చెక్కి ఉంటుంది. మన జిల్లాలోకి ఏ తూటాలు వచ్చాయో అలా ఒక జాబితా తయారవుతుంది.